మొదటి పిలుపుకు పలకని మామ్మ

ఇదొక మహాకావ్యం. ఇందులో మృత్యువుతో పోరాటం ఉంది, శాపం ఉంది, పుత్రశోకం ఉంది, ఊరి పొలిమేర దాటి చేసిన దండయాత్ర ఉంది. ఆశ్వాసాలుగా విభజించి, మధ్యమధ్య సూర్యాస్తమయాలు వర్ణించి, పండితుల చేత ముందుమాట రాయించుకోవలసిన వస్తువు.

కాదులెండి. ఒక పేరా రాసేసరికి నాకే తెలిసిపోయింది. ఇందులో ఉన్నది జగ్గయ్యపేటలో మా పక్కింటి ముసలావిడ. దండయాత్ర అన్నది నందిగామ దాకా బస్సు ప్రయాణం. అందులోనూ కూర్చోడానికి చోటు దొరికింది. సూర్యాస్తమయం మాత్రం ఒకటుంది, దాని సంగతి తర్వాత.

ఆవిడ పోయిన నెలలో చనిపోయింది. పొద్దున్నే పాలు పోసే మనిషి గుమ్మంలో నిలబడి "మామ్మగారూ" అని పిలిచాడు. జవాబు లేదు. అతనేమీ అనుకోలేదు. చెంబు గుమ్మం పక్కనే ఉంది, పోసి వెళ్ళిపోయాడు. తర్వాత మా అమ్మ నాలుగు పచ్చిమిరపకాయల కోసం వెళ్ళి పిలిచింది. జవాబు లేదు. అమ్మ కూడా ఏమీ అనుకోకుండా ఇంటికొచ్చి, అన్నం వార్చుకుని, మళ్ళీ వెళ్ళింది. భోజనాల వేళకు గానీ మా వీధికి అనుమానం రాలేదు. ఇంకెవరి విషయంలోనైనా దీన్ని నిర్లక్ష్యమంటారు. మామ్మ విషయంలో ఇది మర్యాద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ మొదటి పిలుపుకు పలికి ఎరగదు.

మామ్మను పిలవడానికి ఒక పద్ధతుంది. ఒకసారి పిలిచి ఊరుకోవాలి. ఏదో చిన్న పని చూసుకోవాలి. మళ్ళీ పిలవాలి. అప్పుడు తలుపు సందులో ఒక కన్ను కనిపించేది. ఆ కన్ను ముందు మనిషి మొహం చూసేది, తర్వాత కాళ్ళు చూసేది. ఆ తర్వాతే "ఏంటి?" అనేది.

"కాళ్ళెందుకు చూస్తావు మామ్మా?" అని అడిగాను ఓసారి.

"ఎటు తిరిగున్నాయో చూసుకోవద్దూ" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇంటికి పోతూ నా కాళ్ళు నేనూ ఒకసారి చూసుకున్నానన్నది వేరే సంగతి.

పేరు కూడా చెప్పేది కాదు. అడిగితే, "నీకెందుకురా, పిలుస్తావా?" అనేది. ఆ పేరు నాకు ఇప్పుడు తెలుసు. పెద్దదినం నాడు పురోహితుడు అడిగితే ఆవిడ మరిది కొడుకు చెప్పాడు. అయినా ఇక్కడ రాయను. భయమని కాదు. దీపాలు పెట్టే వేళయింది, పొద్దున రాద్దామనుకున్నాను. తీరా పొద్దున్నే వేరే పనులుంటాయి.

ఇంతకీ ఈ మనిషికి పేటలో ఉన్న పని, పిల్లల పేర్లు పరీక్ష చెయ్యడం. ఎవరూ అప్పగించిన పని కాదు. బారసాల అని తెలిస్తే చాలు, పిలవకపోయినా వచ్చేది. చెవులు రెండూ కమ్మల బరువుకి సాగి భుజాల మీదికి వేలాడుతుండేవి. ఉయ్యాల వైపు చూసేది కాదు, పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసిన పేరు వైపూ చూసేది కాదు. ఆవిడకు చదువు రాదు. బాలింతను లేపి, తలకు గుడ్డా చెవుల్లో దూదీ ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకొచ్చి వీధి గుమ్మంలో నిలబెట్టేది.

"ఆ పేరు పెట్టి ఒక్క కేక వెయ్యి. గట్టిగా. అన్నానికి పిలిచినట్టు."

తల్లి పిలిచేది. మామ్మ కళ్ళు మూసుకుని, చెయ్యి చెవి వెనక పెట్టుకుని, తల ఎడమ పక్కకు వాల్చి వినేది. వీధిలో ఎవరైనా "ఆఁ" అంటే, కనీసం తిరిగి చూస్తే, ఆవిడ కళ్ళు తెరిచేది. "వీధి పలికింది" అనేది. పెట్టిన శనగలు కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయేది. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో పాయసం తియ్యగా ఉండేది కాదు.

మా వైపు ఈ పరీక్షలో నెగ్గడం తేలిక కాదు. పెనుగంచిప్రోలు గుళ్ళో ఉన్న గోపయ్య, తిరుపతమ్మల పుణ్యమా అని, "గోపయ్యా" అని కేకేస్తే మా వీధిలో సగంమంది తిరిగి చూసేవాళ్ళు. తిరగని సగం తిరుపతమ్మలు. స్వరాజ్యం వచ్చిన కొత్తలో ఆడపిల్లలందరూ స్వరాజ్యాలే. తర్వాత డేరా సినిమాలొచ్చాయి. డేరా ఎత్తేసి వెళ్ళిపోయిన ఏడాదికల్లా ఆ బొమ్మలో నాయిక పేరు ఉయ్యాలలన్నిట్లోనూ ఊగేది. మా అమ్మను అడిగితే, "మనకు నచ్చి పెట్టుకుంటాంరా" అనేది. అందరికీ ఒకే ఏడాది, ఒకే పేరు ఎలా నచ్చుతుందో నాకు అర్థమయ్యేది కాదు. కళ్ళకలక కూడా అలాగే వస్తుంది, దాన్ని మాత్రం నచ్చి తెచ్చుకున్నామని ఎవరూ అనరు.

వీధి పలికితే ఏమవుతుందని నేనొక్కణ్ణే అడిగాను. మామ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. చేతిలో వత్తి పక్కన పెట్టి ఇంకో వత్తికి దూది తీసుకుంది. తర్వాత వత్తి మీద నుంచి చూపు తియ్యకుండానే చెప్పింది.

"నా కొడుకు గోపయ్య. ఎదురింటివాడూ గోపయ్యే. ఆ ఏడు ఊళ్ళో జ్వరాలు. ఎదురింటివాడికి తగిలింది, మంచం మీదున్నాడు. మావాడు దుక్కలా ఉన్నాడు, అన్నం తింటున్నాడు. దీపాలు పెట్టే వేళ వీధిలోంచి ఎవరో 'గోపయ్యా' అన్నారు. మావాడు ముద్ద నోట్లో పెట్టుకునే 'ఆఁ' అన్నాడు. బయటికొచ్చి చూశా. ఎవరూ లేరు. తెల్లారేసరికి ఎదురింటివాడు లేచి కూర్చుని గంజి అడిగాడంట."

"మీవాడో?"

ఆవిడ వత్తి పేనడం ఆపలేదు.

"అది గుమ్మాలు చూసుకోదురా అబ్బాయ్. వీధి చివర నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. ఎవడు పలికితే వాణ్ణి తీసుకుపోతుంది."

ఇలాంటి చోట గాలి తీసెయ్యడం నా వృత్తి. "ఎదురింటావిడ వాళ్ళబ్బాయిని పిలుచుకుని ఉంటుంది మామ్మా" అన్నాను.

"అదే అడిగా. తన కొడుకు మంచం మీదుంటే, వీధిలోకొచ్చి ఎందుకు పిలుస్తానంది."

 లేచి ఇంటికొచ్చేశాను.

ఇక మా అక్క సంగతి. అక్కను నందిగామ ఇచ్చారు. బావ తాలూకా కచేరీలో గుమాస్తా, సంతకం లేకపోతే దేవుణ్ణి కూడా నమ్మడు. మొదటి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. పిల్లాడికి మొక్కుబడి ప్రకారం గోపయ్య అని పెట్టారు. వీధి పలికింది. మామ్మ శనగలు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. బావ నవ్వాడు. పాకడం నేర్చిన నెలలో పిల్లాడు పోయాడు. రెండోసారి ఆడపిల్ల. సినిమా పేరు పెట్టారు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా పలికింది. ఈసారి బావ నవ్వలేదు. ఆ పిల్లకు పళ్ళు కూడా రాలేదు.

మూడోసారి అక్క పురిటికి వచ్చినప్పుడు, బావ వెనకాలే లావుపాటి నిఘంటువు పట్టుకుని వచ్చాడు. బారసాల నాడు తనే వెళ్ళి మామ్మను పిలిచాడు. పద్ధతి ప్రకారం రెండుసార్లు పిలిచాడు.

"మార్తాండ" అన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి కేకేసింది. జవుళి కొట్టు అరుగు మీద కునుకుతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి, "ఎవరమ్మా?" అన్నాడు. ఆయనకు అలాంటి పేరుందని అంతవరకూ ఎవరికీ తెలియదు.

బావ పేజీలు తిప్పాడు. "జాజ్వల్య."

అక్క నోరు తెరిచి మళ్ళీ మూసింది.

"ఎవరూ పలకరు, నిజమే" అంది మామ్మ. "కానీ పిల్లాడు బావిలోకి వొంగుతుంటే ఆ పేరు కూడబలుక్కునేలోపు మునుగుతాడు బాబూ."

బావ నిఘంటువు మూసేశాడు. "పోనీ మీరే చెప్పండి మామ్మగారూ."

ఆవిడ అక్కను దగ్గరకు లాక్కుని చెవిలో చెప్పింది. ఆ పేరు ఆవిడకు బస్సు దగ్గర దొరికిందట. హైదరాబాదు నుంచి వచ్చే బస్సు టీ కోసం ఆగితే, ఆవిడ ఎదురుగా కూర్చుని, దూరప్రాంతాల తల్లులు పిల్లల్ని ఏమని పిలుచుకుంటున్నారో వింటుండేది. అలా కూర్చోడం చూసి, పాపం ఎవరికోసమో ఎదురుచూస్తోందనుకునేవాళ్ళు.

అక్క గుమ్మంలోకి వచ్చి గొంతెత్తింది. "కిరీటీ..."

వీధిలో చప్పుడు లేదు. కంసాలి సుత్తి ఆగింది. కుక్క తల కూడా ఎత్తలేదు. ఆ పేరు వీధి చివరదాకా వెళ్ళి, ఎవర్నీ తాకకుండా తిరిగొచ్చినట్టు అనిపించింది. నిజానికి అది మిట్టమధ్యాహ్నం, ఊరంతా పడుకుంది. ఆ మాట అందామనుకుని అక్క మొహం చూశాను. అనలేదు.

"ఎవరూ పలకలేదు. ఇది వీడిదే" అంది మామ్మ, శనగలు చెంగులో పోయించుకుంటూ. "ఈ పేరు ఎవ్వరికీ చెప్పబాకండి."

బారసాల చూడడానికి వచ్చిన పేరంటాళ్ళంతా అక్కడే ఉన్నారు. తలూపారు.

కిరీటి బోర్లాపడ్డాడు, పాకాడు, పళ్ళొచ్చాయి, నడిచాడు. నందిగామలో వాడికి వచ్చిన ప్రతి పన్నూ జగ్గయ్యపేటలో ఆ పేరుకు వచ్చిన మార్కు. పోయే పిల్లల్ని నిలబెట్టే పేరట! మరి అలాంటి పేరును ఏ తల్లి వదులుకుంటుంది? వాడికి రెండో ఏడు వచ్చేసరికి పక్కవీధిలో ఒక కిరీటి తయారయ్యాడు. ఆ తర్వాత కిరీటిరావు, కిరీటయ్య, ఆడపిల్ల పుట్టినా వదలకుండా కిరీటమ్మ, చర్చి వీధిలో కిరీటి పాల్. బస్సుల్లో ఆ పేరు నందిగామ చేరింది. ఒక్కడి కోసం వెతికి తెచ్చిన పేరు ఆ ఒక్కడు బతికినందుకే అందరిదీ అయిపోయింది. సినిమా పేర్లకు ఈమాత్రం ప్రచారం లేదు.

మామ్మ ఆ రోజుల్లో సరిగ్గా తినేది కాదు. ఇల్లిల్లూ తిరిగేది.

"ఆ పేరు నిండిపోతోందే తల్లీ. మార్చుకోండే."

"మీరు పెట్టిన పేరే కదండీ మామ్మగారూ! చల్లని పేరు. మీ చెయ్యి మంచిది."

"నా చెయ్యి కాదే, పేరు ఖాళీగా ఉండబట్టే..."

"ఇంద, మజ్జిగ తాగండి."

ఆవిడ మజ్జిగ తాగేది కాదు. వీధి మధ్యలో నిలబడి ఆ చివరికేసి చూసేది. ఆవిడ ఎటు చూస్తే మేమూ అటే చూసేవాళ్ళం. ఏమీ ఉండేది కాదు. ఏమీ లేనివైపు ఒక మనిషి అంతసేపు చూడడం బాగుండదు.

ఆ చలికాలం పేటలోకి కంఠసర్పి వచ్చింది. పిల్లల గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని జబ్బది. గానుగల వీధిలో ఒక కిరీటి పోయాడు. చిటికెన వేలు పట్టుకుంటే గానీ నడవని పిల్లాడు. దీని మీద నా దగ్గర జోకు లేదు.

ఆ సాయంత్రమే కిరీటిల తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని మామ్మ గుమ్మం ముందుకొచ్చారు. పిలిచారు. మళ్ళీ పిలిచారు. తలుపు తెరుచుకోలేదు. ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. మర్నాటి నుంచి పేర్లు మార్చడం సాగింది. పాత పేరుతో పిలుద్దామంటే భయం, కొత్త పేరుతో పిలిస్తే పిల్లలు పలకరు. ఆ వారమంతా పేటలో పిల్లల్ని చప్పట్లు కొట్టి పిలిచారు. సాయంత్రమయ్యేసరికి ఏ గుమ్మంలో విన్నా చప్పట్లే. పరాయి ఊరివాడెవడైనా వస్తే ఇక్కడేదో సభ జరుగుతోందనుకునేవాడు.

నందిగామ నుంచి అక్క కండక్టరు చేత కబురు పంపింది. "మామ్మను తీసుకురా. ఆవిడ రాకపోతే నేనే పిల్లాణ్ణి తీసుకుని ఎటైనా పోతా."

నేను చెప్పగానే మామ్మ చెప్పులు వేసుకుంది. బెజవాడ బస్సెక్కాం. కండక్టరు "మామ్మా, టిక్కెట్టు" అన్నాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తోంది.

"చెముడా?" అన్నాడు నాతో.

"ఇంకోసారి పిలవండి" అన్నాను.

నందిగామలో అక్క పిల్లాణ్ణి ఇంట్లో పెట్టి తలుపు గడియ వేసుకుని కూర్చుంది. వారం నుంచి వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు. వాడు మాత్రం మూల కూర్చుని పెంకుముక్కలు ఒకదానిమీదొకటి పేర్చుకుంటున్నాడు.

"పేరు మార్చెయ్యనా మామ్మా?" అంది అక్క.

"దానికి పాత పేరే తెలుసు. నువ్వు మారిస్తే దానికెవరు చెబుతారు?"

బావ మధ్యలోకొచ్చాడు. "అసలు అదీ ఇదీ అని ఏదీ లేదండీ. అదొక అంటురోగం..." మిగతా వాక్యం పూర్తి చెయ్యలేదు. ఇద్దరు పిల్లల్ని చేతుల మీద మోసుకెళ్ళి పూడ్చొచ్చినవాడు ఆ వాక్యం పూర్తి చెయ్యలేడనుకుంటా.

"పిల్లాణ్ణి వీధిలో వదులు" అంది మామ్మ.

"వదలను."

"ఎప్పటికైనా పిలుస్తుందే. నువ్వు గడియ తీసేది ఎప్పుడా అని కూర్చుంటుంది. అంతకుముందే నన్ను పిలవనీ. పలుకుతాడో లేదో చూడాలి."

అక్క బావ వైపు చూసింది, నా వైపు చూసింది. గడియ తీసింది.

సూర్యుడు కచేరీ వెనక్కి దిగాడు. ముందు చెప్పిన సూర్యాస్తమయం ఇదే. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు, వాళ్ళలో నందిగామ కిరీటిలూ ఉన్నారు. మావాడు గుమ్మం ముందు దుమ్ములో పెంకులు పేర్చుకుంటూ కూర్చున్నాడు. మామ్మ ఒక్కతే వీధి చివరికి నడిచింది. చీకటి పడుతుంటే అంతదూరాన ఆవిడ మొహం కనబడలేదు, తెల్లచీర మాత్రం కనబడింది.

"కిరీటీ..."

అది ఆవిడ గొంతు కాదు. లేత గొంతు, ఇంపైన గొంతు, ఇంటికి రమ్మన్నట్టున్న గొంతు. తన కొడుకు పలికిన రోజు విన్న గొంతునే ఆవిడ తీస్తోందని నాకు అప్పుడు తోచింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. చలికాలం కదా, లేస్తాయి.

"ఆఁ" అన్నాడు ఒకడు. "వస్తన్నా" అన్నాడు ఇంకొకడు, నిజంగానే అటు పరుగెత్తాడు. ఇళ్ళలోంచి తల్లులు బయటికి ఉరికారు. ఒకావిడ పరుగెత్తేవాణ్ణి రెక్క పట్టి లాగి వీపు మీద ఒకటిచ్చింది.

మావాడు తిరగలేదు.

"కిరీటీ..." మళ్ళీ వచ్చింది, ఇంకాస్త దగ్గరగా. అక్క చీరచెంగు నోట్లో కుక్కుకుంది. వాడు ఇంకో పెంకు పెట్టాడు. మూడోసారి ఆ పిలుపు దాదాపు వాడి వెనకే వినబడింది. వాడు తల కూడా ఎత్తలేదు. పెంకుల గోపురం వొరిగిపోతే చేత్తో నిలబెట్టుకున్నాడు.

మామ్మ వచ్చి అరుగు మీద కూలబడింది. తన మామూలు గొంతుతో మాట్లాడింది.

"వీడు పలకడే. వీణ్ణెవరూ తీసుకుపోలేరు. నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టి పిలుచుకో." తల అటు తిప్పుకుని, "మావాడు కూడా ఇట్టా ఊరుకునుంటే..." అంది.

మా అక్క వారం రోజుల తర్వాత ఆ సాయంత్రం అన్నం తింది. పలికిన పిల్లల తల్లులు అరుగు ముందు నిలబడే ఉన్నారు, తమకేం చెబుతుందోనని. మామ్మ వాళ్ళనొకసారి చూసి తల దించుకుంది. ఆ చూపుకి వాళ్ళు ఎన్నాళ్ళు నిద్రపోలేదో నాకు తెలియదు. ఆ పిల్లలకేమీ కాలేదు. ఆ రోజు పరుగెత్తినవాడు నిరుడు మా బావ చెప్పులు తీసుకుపోయి కాలవలో పడేశాడు.

ఆ తర్వాత మామ్మ ఎవరికీ పేరు చెప్పలేదు. బారసాలలకు వెళ్ళలేదు. టీకి ఆగే బస్సు దగ్గరా కూర్చోలేదు. నందిగామ నుంచి ఎవరొచ్చినా ఒక్కటే అడిగేది. "వాడు పలుకుతున్నాడా?" లేదంటే తృప్తిగా తలూపేది. అక్క కూడా అది గొప్పగా చెప్పుకునేది. "ఎంత పిలిచినా పలకడండీ మావాడు" అని. ఏ తల్లీ కొడుకు గురించి ఆ మాట అంత మురిసిపోతూ చెప్పగా నేను వినలేదు.

మామ్మ పోయిందని తెలియగానే అక్క ఒక్కతే వచ్చి ఇక్కడే ఉండిపోయింది, పెద్దదినం నాడు బావ కిరీటిని వెంటబెట్టుకొచ్చాడు. కిరీటి బళ్ళో చేరాడిప్పుడు. భోజనాలయ్యాక, సాయంత్రం, వాడు వీధిలో అటు తిరిగి గోళీలాడుకుంటున్నాడు. గుమ్మంలోంచి, ఏదో పిలవాలి కదా అని, మెల్లగా "కిరీటీ" అన్నాను.

"ఆఁ, మామయ్యా!"

వెంటనే పలికాడు. ఒక్క పిలుపుకే. తల తిప్పి నవ్వాడు కూడా. నా వెనక అక్క నిలబడి ఉంది. ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అక్క పెదవులు తెల్లగా పాలిపోయాయి. నేను వీధి చివరికి చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను.

లోపల్నుంచి బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి అక్కతో అన్నాడు. "నీకు చెప్పడం మర్చిపోయా. వాడికి పాఠం వినబడట్లేదని మేష్టారు చెబితే మొన్న ఆస్పత్రికి తీసుకెళ్ళా. రెండు చెవుల్నిండా గుబిలి. కాంపౌండరు వేణ్ణీళ్ళు కొట్టి తీసేశాడు. వారానికోసారి రెండు చుక్కలు కొబ్బరినూనె వెచ్చబెట్టి వెయ్యమన్నాడు."